కంటి లోపలి పొరల పటము



కాసిపేట గనులలో పనిచేసినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. పైన నేల చదునుగా నున్నంతమాత్రమున క్రింద బొగ్గుపొర యెంత మందమున్నదో చెప్పజాలము. బోరు వేసి చూడవలెను. కంటి విషయమును అట్టిదే. కాని కంటికి బోరు వేయరాదు గనుక, ఆ పని వెలుతురుచేతనే చేయింతురు.

కంటిలోపల వాపు పుట్టించు వ్యాధిని వైద్యులు యువియైటిస్ అందురు. ఇది కండ్లకలక కాదు. కన్ను ఎఱ్ఱబారుట, నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మసకబారుట దీని లక్షణములు. వాపు వెనుకభాగమున నున్నచో ఎఱుపుగాని నొప్పిగాని లేకయే చూపు తగ్గవచ్చును. కొందఱికి క్షయ మొదలగు రోగములవలన నిది కలుగును. పెక్కుమందికి కారణమే తెలియదు.

కంటి వెనుకగోడ నంటియున్న పలుచని పొర రెటీనా. దానిని చూచు పరికరమును జర్మను పండితుడు హెల్మ్‌హోల్జ్ 1851లో లోకమునకు తెలిపెను. 1991లో అమెరికాలో హువాంగ్, ఫ్యూజిమోటో మొదలగువారు ఓ.సి.టి. యను పద్ధతిని ప్రకటించిరి. రోగి గడ్డము నానించి యొక గుర్తువంక చూచుచుండగా, సన్నని కిరణము లోపలికేగి ఒక్కొక్క పొరనుండి తిరిగివచ్చును. దానిని కొలిచి యంత్రము పొరల పటమును గీయును. సూది లేదు, కోత లేదు. చూపునకు నడిమిచోటైన ఆ పొర మందము సుమారు మిల్లీమీటరులో నాలుగవవంతు. నీరు చేరినచో అది ఉబ్బుట పటములో స్పష్టముగ కనబడును.

హైదరాబాదులో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి చోట్ల ఈ పరీక్ష కలదు. వైద్యుడు తొలినాటి పటమును, మందు వాడిన పిదపటి పటమును ప్రక్కప్రక్కన నుంచి, కంటిని స్వయముగ పరీక్షించి, మందు తగ్గించుటయో హెచ్చించుటయో నిర్ణయించును.

ఇందలి ముఖ్యాంశ మిదియే. ఎఱుపు పోయినదని మనంతట మనము మందు మానినచో, లోపల మిగిలిన వాపు మరల రేగి చూపును హరింపవచ్చును. అట్లని వైద్యుని చూడక స్టెరాయిడు చుక్కలను నెలల తరబడి వేసికొన్నచో శుక్లము పుట్టవచ్చును. కంటి ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చును. మానుటయు, మానకుండుటయు వైద్యుని చేతిలో నుండవలెను.

కావున తొలి పటమును పాఱవేయక భద్రపఱచుడు. పోయినప్పుడెల్ల దానిని వెంట గొనిపొండు. ఇంటిలో మీ మాట చెల్లును గనుక, “కన్ను తెల్లబడినది, ఇక ఆసుపత్రి యెందుకు?” అను వారికి ఈ సంగతి బోధింపుడు.