పాప ఒక్కతే, నిపుణులు పదిమంది

ఎదుగుదల లోపాలున్న పిల్లలకు సేవ చేసే నిపుణుల కోసం అమెరికాలో ‘లెండ్’ పేరుతో ఒక శిక్షణ నడుస్తోంది. విశ్వవిద్యాలయాలకు, పిల్లల ఆసుపత్రులకు అనుబంధంగా దేశమంతటా ఇలాంటి కార్యక్రమాలు సుమారు 60 ఉన్నాయి. పిల్లల డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, సైకాలజిస్టులు, డైటీషియన్లు, దంతవైద్యులు, సోషల్ వర్కర్లు, స్పెషల్ టీచర్లు ఒకే బృందంగా ఇందులో చేరతారు. పూర్తిస్థాయి శిక్షణ అంటే కనీసం 300 గంటలు. చేరేవారికి తమ విద్య ముందే వచ్చు. పక్కవాడి విద్య ఎక్కడ అక్కరకొస్తుందో, తన విద్య ఎక్కడితో ఆగిపోతుందో ఇక్కడ తెలుసుకుంటారు.

దీని అవసరం తెలియాలంటే అన్నం తినిపించడం ఒక్కటి చూస్తే చాలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న మూడేళ్ల పాప బరువు పెరగడం లేదనుకుందాం. డైటీషియన్ పాలు ఎక్కువ పట్టమంటారు. పల్చటి ద్రవాలు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదముంది, వద్దంటారు మింగడాన్ని పరీక్షించిన స్పీచ్ థెరపిస్టు. పాప మెడ వెనక్కి వాలిపోతోంది కాబట్టి ముందు కుర్చీ మార్చాలంటారు ఫిజియోథెరపిస్టు. పుచ్చిన పన్ను సలపడం వల్లే నమలడం లేదని దంతవైద్యుడు కనిపెడతారు. ఒక్కో పూట తినిపించడానికి గంట పడుతోందని, తల్లి ఉద్యోగం ఊడేలా ఉందని సోషల్ వర్కర్ అడిగితేనే బయటపడుతుంది. ఎవరి మాటా తప్పు కాదు. కానీ అందరూ విడివిడిగా రాసిచ్చిన కాగితాలను ఒక దారికి తెచ్చే భారం చివరికి ఆ తల్లి మీదే పడుతుంది. అది ఆమె మోయాల్సిన భారం కాదు.

శిక్షణలో ఆ భారాన్ని నిపుణులు తమ మీద వేసుకుంటారు. ఒకరు పాపతో ఆడుతుంటే మిగతావారు అక్కడే కూర్చుని ఎవరికి కావలసింది వారు గమనిస్తారు. దాంతో పాపను పదిసార్లు పరీక్షించే పని తప్పుతుంది. తర్వాత అందరూ ఒకచోట చేరి, భేదాభిప్రాయాలు అక్కడే తేల్చుకుని, ఏది ముందు ఏది వెనక అన్నది కుటుంబంతో కలిసి నిర్ణయిస్తారు. కుర్చీ ముందా, పన్ను ముందా అన్న చర్చలో డాక్టరు మాటకు ఎంత విలువో థెరపిస్టు మాటకూ అంతే. హోదాల మెట్లు దిగి మాట్లాడటం అలవాటు కావడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఈ శిక్షణలో అన్నిటికన్నా మెచ్చుకోదగ్గది మరొకటుంది. వైకల్యమున్న బిడ్డల తల్లిదండ్రులు ఇక్కడ బోధకులుగా ఉంటారు. ఆటిజం వంటివి ఉన్న పెద్దలు కూడా బోధిస్తారు, తోటి శిక్షణార్థులుగానూ చేరతారు. చాలా చోట్ల ఒక్కో శిక్షణార్థిని ఒక్కో కుటుంబానికి అప్పగిస్తారు. క్లినిక్కులో సులువుగా చెప్పేసిన వ్యాయామం ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఎందుకు సాగదో అక్కడ కళ్లారా చూస్తారు.

నాయకత్వం అంటే ఇక్కడ పదవి కాదు. అమెరికా ప్రభుత్వ మాతాశిశు ఆరోగ్య విభాగం నిర్దేశించిన 12 నాయకత్వ సామర్థ్యాలు తనతో మొదలై, తోటివారి దాకా, ఆపై సమాజం దాకా విస్తరిస్తాయి. శిక్షణార్థులు చట్టాలు చదువుతారు, బడ్జెట్లు ఎలా తయారవుతాయో తెలుసుకుంటారు, చట్టసభల ప్రతినిధులతో మాట్లాడటం నేర్చుకుంటారు. థెరపీకి బీమా వర్తించకపోతే, ఎంత మంచి థెరపిస్టు ఉన్నా పాపకు ఒరిగేదేమీ లేదు కదా!

ఈ శిక్షణ వేళ్లు 1950ల నాటి ప్రత్యేక క్లినిక్కుల్లో ఉన్నాయి. అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు రోజ్‌మేరీకి మేధో వైకల్యం ఉండేది. మరో చెల్లెలు యూనిస్ అలాంటివారి కోసం పట్టుదలగా పనిచేసింది. 1963 అక్టోబరులో కెనెడీ సంతకం చేసిన చట్టంతో విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా వైకల్య కేంద్రాల నిర్మాణం మొదలైంది. 2006 నాటి ఆటిజం చట్టం లెండ్‌కు మరింత ఊతమిచ్చింది. ఆ చట్టాన్ని పొడిగిస్తూ వచ్చి, 2024 డిసెంబరులో మరోసారి పునరుద్ధరించారు.

మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, దంతవైద్యుడు, స్పెషల్ టీచరు ఒకే కప్పు కింద పనిచేయాలన్నది ఉద్దేశం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ మేధో వైకల్య రంగంలో నిపుణులను తయారుచేస్తోంది. ఆ జిల్లా కేంద్రాల్లో చేరే ఉద్యోగులకు, తల్లిదండ్రులను బోధకులుగా కూర్చోబెట్టి, కలిసి పనిచేసే పద్ధతిని కూడా నేర్పితే, ఆసుపత్రి వరండాలో చేతినిండా రిపోర్టులతో గది గదికీ తిరిగే తల్లికి ఆ తిప్పలు తగ్గుతాయి.