ఉపవాసం చాటున దాగే వ్యాధి

రంజాన్ ముగిసింది. షవ్వాల్ ఆరు రోజాలు కూడా పూర్తయ్యాయి. అయినా ఇంట్లో ఆడపిల్ల ఉపవాసాలు మానలేదు. సోమ, గురువారాలతో మొదలుపెట్టి క్రమంగా మిగతా రోజులకూ పొడిగించింది. సహరీకి లేవదు. ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్లు చాలంటుంది. చూసినవారు ఆమె భక్తిని మెచ్చుకుంటారు. అనేక ఇళ్లలో అది నిజంగా భక్తే. కాని కొన్ని ఇళ్లలో అది ఒక మానసిక వ్యాధికి తొలి రూపం కావచ్చు. ఆ తేడాను వైద్యునికన్నా ముందు కనిపెట్టగలిగేది ఆమెతో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చునే కుటుంబమే.

వ్యాధి స్వరూపం

ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మతలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది అనొరెక్సియా. ఇందులో రోగి బరువు ప్రమాదకరంగా తగ్గిపోతున్నా తిండిని తగ్గించుకుంటూనే పోతుంది. చిక్కి శల్యమైనా తాను లావుగా ఉన్నానని భావించవచ్చు. రెండవది బులీమియా. దీనిని లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. అదుపు తప్పి అతిగా తినడం, ఆ వెంటనే అపరాధ భావనతో వాంతి చేసుకోవడం, విరేచన మాత్రలు మింగడం, లేదా పస్తులుండటం దీని లక్షణాలు. మూడవది అతిగా తినే రుగ్మత. ఇందులో వాంతులు ఉండవు. కడుపు నొప్పి పుట్టేదాకా రహస్యంగా తినడం, ఆపై సిగ్గుతో కుమిలిపోవడం ఉంటాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది.

ఇవి మొండితనం వల్లనో, విశ్వాస లోపం వల్లనో వచ్చేవి కావు. వంశపారంపర్య ప్రభావం, ప్రతిదీ లోపరహితంగా ఉండాలనే స్వభావం, కఠినమైన డైటింగు, మానసిక ఒత్తిడి, శరీరాన్ని గురించి విన్న మాటలు కలిసి దారితీస్తాయి. నికాహ్ విందుల్లో "లావయ్యావే, ఇక సంబంధాలెలా కుదురుతాయి?" అని బంధువులు నవ్వుతూ అనే మాట కొందరి మనసులో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. మగపిల్లలు కూడా వీటికి అతీతులు కారు. వారిలో ఇది కండల మీద వ్యామోహంగా, అలుపెరగని వ్యాయామంగా కనిపించవచ్చు.

మన దేశంలో రోగులందరూ లావవుతామనే భయాన్ని పైకి చెప్పరు. ఆకలి లేదని, తింటే కడుపు ఉబ్బుతోందని మాత్రమే చెప్పేవారూ ఉంటారు. అందువల్ల మాటలకన్నా ప్రవర్తనను గమనించడం అవసరం.

గమనించవలసిన సూచనలు

భోజనం దగ్గర: అందరితో కలిసి తినకుండా "ఇప్పుడే తిన్నాను" అని తప్పించుకోవడం, అన్నాన్ని పళ్లెంలో అటూ ఇటూ కదిలించడం, ఇంటిల్లిపాదికీ ప్రేమతో వండి తాను ముట్టకపోవడం, రాత్రివేళ వంటింట్లో ఆహారం మాయమవడం, తిన్న వెంటనే స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి విప్పి ఉంచడం. వుజూ కోసమని చెప్పి వెళ్లినా, ప్రతి భోజనం తర్వాతా ఇలాగే జరుగుతుంటే ఆలోచించాలి.

శరీరంలో: వేసవిలోనూ చలిగా ఉందనడం, జుట్టు రాలడం, కళ్లు తిరగడం, చెంపల కింద వాపు, పళ్లు అరిగిపోవడం, వేలి కణుపుల మీద కాయలు. బులీమియా రోగులలో అనేకుల బరువు మామూలుగానే ఉంటుంది కనుక, సన్నబడలేదని నిశ్చింతగా ఉండరాదు.

ఆరాధనలో: నెలసరి రోజుల్లో స్త్రీకి రోజా లేదు. ఆ రోజుల్లోనూ అమ్మాయి తినకపోతే కారణం ఆరాధన కాదని తెలుస్తుంది. ఆహారం చాలనప్పుడు నెలసరి ఆగిపోతుంది. నెలల తరబడి ఆమె నమాజుకు ఒక్కరోజు కూడా విరామం రాకపోతే తల్లి దానిని భక్తిగా కాక, వైద్యునికి చెప్పవలసిన లక్షణంగా చూడాలి. పండుగనాడు ఉపవాసం నిషిద్ధం. ఆ రోజు షీర్‌ఖుర్మా గిన్నెను చూసి పిల్ల కలవరపడినా అది సూచనే.

ధర్మం ఏమంటోంది?

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 184, 185 ఆయతులు రోగికి రోజా నుండి సడలింపునిచ్చాయి. మనసుకు వచ్చిన జబ్బు కూడా జబ్బే. దినదినం ఉపవాసం ఉంటున్న యువ సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి)ను దైవప్రవక్త (స) వారించి, శరీరానికి కూడా అతనిపై హక్కు ఉందని గుర్తుచేశారు. కడుపులో మూడో వంతు ఆహారానికి అనే బోధను తిండి మానడానికి ఆధారంగా చూపేవారుంటారు. ఆ బోధలో ఆహారానికీ ఒక భాగం ఉంది. రోజా ఉండవచ్చునా అన్నది వైద్యుని సలహాతోను, ఖజా, ఫిద్యా విషయాలు నమ్మకమైన ఆలిమ్‌తోను తేల్చుకోవాలి.

కుటుంబం చేయవలసినది

భోజనం ముందు, నలుగురిలో ఈ ప్రస్తావన తేరాదు. ఏకాంతంలో, "బేటీ, కొన్నాళ్లుగా నువ్వు మాతో తినడం లేదు. నిన్న కళ్లు తిరిగి కూర్చుండిపోయావు. నాకు దిగులుగా ఉంది" అని చూసినది మాత్రమే చెప్పాలి. బరువు గురించి, రూపం గురించి పొగడ్త కూడా వద్దు. మొదట ఆమె కాదంటుంది, కోపగించుకుంటుంది. అయినా విడిచిపెట్టకూడదు. బలవంతంగా కుక్కి తినిపించడం ప్రమాదకరం. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే ప్రాణాపాయం కలగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా పెంచాలి.

పదేపదే వాంతుల వల్ల రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు. మానసిక వ్యాధులలో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో అనొరెక్సియా ఒకటి. స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీనొప్పి, చనిపోవాలనే మాటలు ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. లేనిపక్షంలో ముందుగా కుటుంబ వైద్యుని, తర్వాత మానసిక వైద్యుని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

దుఆతోపాటు చికిత్స కూడా కావాలి. కౌమార వయస్కులకు ఇచ్చే ప్రధాన చికిత్సలలో ఒకటి తల్లిదండ్రుల చేతిలోనే మొదలవుతుంది. కొంతకాలం పిల్ల భోజన బాధ్యతను వారు స్వీకరించి, ప్రతి పూటా పక్కన కూర్చుని తినిపిస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. సందేహం కలిగిన వారంలోనే వైద్యుని వద్దకు వెళ్లండి.