వెంబ్లీ మైదానమున తెల్లగుఱ్ఱము

ఇంగ్లండు దేశమున కాలిబంతి యాటకు 1871–72లో నారంభమైన జాతీయపు కప్పు పోటీ యొకటి గలదు. దానిని ఎఫ్. ఏ. కప్పు అందురు. దాని నియమము కఠినము: ఓడిన జట్టు ఆ యేటికి ఇల్లు చేరవలసినదే. గెలిచినవారు గెలిచినవారితో మరల తలపడుచుండగా, తుదకు రెండే జట్లు మిగులును.

1922–23 సంవత్సరపు పోటీలో అట్లు మిగిలినవి బోల్టన్ వాండరర్స్, వెస్ట్‌హామ్ యునైటెడ్. రెండవది లండన్ జట్టు. అప్పటికది రెండవ తరగతిలోనిది. చిన్నవారు పెద్దవారి నెదిరించుట చూడ నెవరికి వేడుక కాదు? పైగా ఆట వెంబ్లీలో, కట్టడము ముగిసి నాలుగు దినములైన క్రొత్త క్రీడాస్థలమున. అందు అప్పుడు సుమారు 1,25,000 మంది పట్టుచుండిరి. అంతకు ముందు మూడేండ్లు తుదిపోటీకి ఇందులో సగము జనము తరచుగా రాలేదు. కావున నిర్వాహకులు టిక్కెట్లు కొన్నింటినే ముందుగా నమ్మి, తక్కినవారు ద్వారముకడ రుసుము చెల్లించి రావచ్చుననిరి. చిక్కంతయు నిచటనే పుట్టినది.

1923 ఏప్రిల్ 28వ తేదీన లెక్కకు వచ్చినవారే 1,26,047 మంది. ద్వారములు మూసిన పిదప గోడలెక్కి దూకినవారితో రెండు లక్షలు దాటిరని యంచనా. రథోత్సవమున వెనుకవారి త్రోపునకు ముందువారు నిలువలేకపోవుట మీరెఱుగుదురు. అచ్చటను అట్లే జనము మైదానము నంతయు నిండిపోయెను. అయిదవ జార్జి రాజు వచ్చునప్పటికి ఆట స్థలమున గడ్డి కానరాదు.

అప్పుడు జార్జి స్కోరీ యను పోలీసు, బిల్లీ యను గుఱ్ఱముపై జనమధ్యమున మెల్లగా తిరుగుచు, ఒకరి చేయి నొకరు పట్టుకొని అడుగడుగు వెనుకకు జరుగుడని చెప్పెను. కొరడాతో చేయు పని కాదది. జనులు విన్నందుననే సాగినది. ఇతర రౌతులును పాటుపడిరి. ఆయన యొక్కడే చేసెననుట న్యాయము కాదు. గుఱ్ఱము నిజమునకు బూడిదవన్నెది; ఛాయాచిత్రములలో తెల్లగా తోచినందున దానికే కీర్తి దక్కెను.

ముప్పావుగంట ఆలస్యముగా ఆట మొదలయ్యెను. రెండు నిమిషములలో డేవిడ్ జాక్ బోల్టన్‌కు గోలు చేసెను. ఆ వేళ వెస్ట్‌హామ్ ఆటగాడొకడు జనములో చిక్కుకొని యుండెను. బోల్టన్ 2–0తో గెలిచెను. వందలకొలది జనులు గాయపడిరి. అయినను అచట ప్రాణము పోయినవారు లేరు. స్థలము దొరకని టిక్కెట్టుదారులకు సొమ్ము తిరిగి ఇచ్చిరి. 1924 నుండి ముందుగా టిక్కెట్టు కొననివారికి తుదిపోటీలో ప్రవేశము లేదని కట్టడి చేసిరి.