గొట్టం లోపలి నుంచి చిట్లుతుంది

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్ కూడా అదే ఏడాది మే నెలలో ఆగిపోయింది. అంటే ఈ రెండింటిలో మన రోడ్ల మీద తిరిగే అతి చిన్న వయసు బండికైనా పదేళ్లు దాటాయి. ఇలాంటి బండిని ప్రేమగా చూసుకునేవాళ్లు టైర్లు మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, వేళకు ఇంజన్ ఆయిల్ పోయిస్తారు. బానెట్ ఎత్తగానే ఎదురుగా కనిపించే నల్లటి రేడియేటర్ గొట్టాల జోలికి మాత్రం అవి పగిలేదాకా వెళ్లరు. బాగానే ఉన్నాయి కదా అంటారు. నిజమే, పైకి బాగానే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంజన్‌లో మండిన పెట్రోలు ఇచ్చే వేడిలో ఇంచుమించు మూడో వంతు మాత్రమే బండిని లాగడానికి పనికొస్తుంది. మరో మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగిలినదాంట్లో అధికభాగాన్ని మోసుకెళ్లి గాలికి వదిలే పని నీళ్లది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ దారి మూసి ఉంచుతుంది. చాలా బండ్లలో నీరు 82 డిగ్రీలకు అటూ ఇటూగా వేడెక్కగానే అది తెరుచుకోవడం మొదలుపెడుతుంది. వేడినీరు పై గొట్టంలోంచి రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి, కింది గొట్టం గుండా పంపుకు తిరిగొస్తుంది. ఇంజనేమో రబ్బరు దిమ్మెల మీద అదురుతూ ఉంటుంది, రేడియేటరేమో బాడీకి బిగించి ఉంటుంది. రెండింటి మధ్య గట్టి ఇనప గొట్టం పెడితే ఆ అదురుకు ఎన్నాళ్లో నిలవదు. అందుకే రబ్బరు.

ఆ రబ్బరు మోసే బరువు తక్కువేమీ కాదు. రేడియేటర్ మూతలో స్ప్రింగు ఉంటుంది. చాలా బండ్లలో చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి వచ్చేదాకా అది నీటిని బయటికి వదలదు. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ఇక మన వేసవి సంగతి చూడండి. బయట 25 డిగ్రీలున్నప్పుడు, 90 డిగ్రీల నీటికీ గాలికీ తేడా 65. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 45 ఉంటే తేడా 45 మాత్రమే. రేడియేటర్ వేడిని వదిలించుకునే శక్తి ఆ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి, అది దాదాపు మూడో వంతు పడిపోతుంది. నీటి వేడి పెరుగుతుంది, దాంతో ఒత్తిడీ పెరుగుతుంది. గొట్టాలు ఎండాకాలంలోనే ఎక్కువగా పగలడానికి కారణం ఇదే.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడిచేసి దాన్ని దృఢంగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. కానీ ప్రకృతి రబ్బరుకు ఓజోన్ పడదు. గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఉన్నా దాని అణువుల గొలుసులు తెగి, సాగిన చోటల్లా పైన పగుళ్లు పడతాయి. ఇప్పటి గొట్టాలను ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. దాని అణువు వెన్నెముకలో ఓజోన్ దాడి చేయడానికి వీలైన జంట బంధాలు ఉండవు. ఎండకూ వేడికీ ఆవిరికీ ఇది చాలాకాలం తట్టుకుంటుంది. అయితే రబ్బరు ఇంత మెరుగుపడ్డాక కంటితో చూసి గొట్టం ఆరోగ్యం చెప్పే అవకాశం మనకు పోయింది. పై పొర నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి పొర మాత్రం చీలికలు పడుతూ పోతుంది.

దీనికి కారణం విద్యుత్తు. రబ్బరు కరెంటును పోనివ్వదని బళ్లో చదువుకున్నాం. కానీ గొట్టానికి బలం కోసం కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసి కలుపుతారు. ఆ నలుపు దానిదే. మసి కలిసిన రబ్బరు కొద్దిగా కరెంటును పోనిస్తుంది. 1800లో వోల్టా జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టి తొలి బ్యాటరీ చేశాడు. బానెట్ కింద కూడా అలాంటి ఏర్పాటే ఉంది. ఇంజన్ వైపు అల్యూమినియం, ఇనుము. రేడియేటర్ వైపు రాగి, ఇత్తడి లేదా అల్యూమినియం. వాటిని తాకుతూ మసి రబ్బరు. అన్నిటినీ కలుపుతూ లవణాలున్న నీరు. సూక్ష్మమైన కరెంటు పుడుతుంది. దాని ప్రభావంతో గొట్టం లోపలి గోడ మీద నిలువునా సన్నటి చారలు పడతాయి. చారల గుండా నీరు పాకి, రబ్బరు పొరల మధ్య బలం కోసం అల్లిన దారాన్ని చేరుతుంది. దారం నీరసించాక గొట్టం చీలుతుంది. అమెరికాలో గేట్స్ అనే గొట్టాల సంస్థ ఇంజనీర్లు చెడిపోయిన గొట్టాలను కోసి చూసి, వాటి చావుకు ప్రధాన కారణం ఈ విద్యుత్ రసాయన చర్యేనని తేల్చారు. నాలుగేళ్లు దాటిన గొట్టాన్ని నమ్మొద్దన్న సలహా అక్కడి నుంచే వచ్చింది.

మనం చేసే తప్పు ఇక్కడే ఉంది. నీళ్లు తగ్గినప్పుడు దారిలో దొరికిన బోరు నీళ్లు పోసేస్తాం. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ. లవణాలు పెరిగితే నీరు కరెంటును మరింత సులువుగా మోస్తుంది, పైగా రేడియేటర్ సన్నగొట్టాల్లో సున్నపు పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడం డబ్బున్నవాళ్ల వేడుకేమీ కాదు. చలి లేని ఊళ్లో కూలెంట్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. అందులోని తుప్పు నిరోధకాలు లోహాల మీద పలచటి పొర కట్టి ఈ చర్యను నెమ్మదింపజేస్తాయి. సగానికి సగం కలిపితే మరిగే ఉష్ణోగ్రత కూడా కొన్ని డిగ్రీలు పెరుగుతుంది.

గొట్టాన్ని వేళ్లతో పరీక్షించాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, క్లిప్పుకు రెండంగుళాల లోపు బొటనవేలు, చూపుడువేలు పెట్టి నొక్కండి. అరచేత్తో పిసికితే ఏమీ తెలియదు. తర్వాత గొట్టం మధ్యలో నొక్కి పోల్చండి. చారలు ఎక్కువగా చివర్లలోనే పడతాయి కాబట్టి, మధ్యభాగం గట్టిగా ఉండి చివర మెత్తగా ఉన్నా, లోపల సందులు పడ్డట్టు వేళ్లకు తగిలినా మార్చాల్సిందే. ముందుగా పై గొట్టాన్ని చూడండి, అది అన్నిటికంటే వేడినీటిని మోస్తుంది.

రోడ్డు మీద గొట్టం పగిలితే టెంపరేచర్ ముల్లు చెబుతుందిలే అనుకోకండి. సెన్సర్ నీటిలో మునిగి ఉన్నప్పుడే సరిగ్గా చెబుతుంది. నీరంతా పోయాక అది ఖాళీలో వేలాడుతూ వేడి తగ్గినట్టు కూడా చూపించవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ సిలిండర్ హెడ్ వంకరపోతుంది. అల్యూమినియం హెడ్ వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, ఆ గుంజులాటలో గ్యాస్కెట్ పోతుంది.

మార్చేటప్పుడు పాత గొట్టాన్ని పట్టకారుతో మెలితిప్పి లాగకూడదు. ఏళ్ల తరబడి అతుక్కుపోయిన రబ్బరుతోపాటు రేడియేటర్ ముక్కు కూడా ఊడివస్తుంది, ప్లాస్టిక్ ట్యాంకు అయితే మరీ. బ్లేడుతో నిలువునా కోసి ఒలిచేయాలి. ముక్కు మీది తుప్పును సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది తుడవాలి. కొత్త గొట్టం జారడానికి గ్రీజో ఆయిలో రాయొద్దు. ఈపీడీఎం నూనె పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. కొంచెం కూలెంట్ తడి చాలు. క్లిప్పు ముక్కు మీది ఉబ్బుకు వెనక, గొట్టం చివరికి కాస్త ఇవతల పడాలి. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక రబ్బరు సర్దుకుంటుంది, అప్పుడు క్లిప్పు మళ్లీ బిగించాలి. బండి వంపుకు సరిపోయే అచ్చు గొట్టమే కొనండి. తిన్నటి పైపును వంచి పెడితే మడతపడిన చోట నీరు ఆగుతుంది. దింపిన పాత కూలెంట్‌ను బేసిన్‌లో పట్టి మూతపెట్టండి. అది తియ్యగా ఉండి కుక్కలు నాకుతాయి. ప్రాణం తీసే విషం.

పారేసే ముందు పాత గొట్టాన్ని చీల్చి లోపల చూడండి. నిలువు చారలుంటే విద్యుత్ చర్య బలంగా జరిగిందని అర్థం. కూలెంట్ ఎన్నాళ్లయింది, ఇంజన్ ఎర్త్ వైరు బిగువుగా ఉందా అని చూడాలి. గోడ ఉబ్బి జిగటగా ఉంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది. తెల్లటి పెచ్చులు కట్టి ఉంటే అది పోసిన నీటి పని, రేడియేటర్‌ను కూడా కడిగించాలి. ఏ గుర్తు కనిపించినా, అదే వయసున్న బైపాస్ గొట్టం, హీటర్ గొట్టాలు అదే నీటిలో అన్నేళ్లూ ఉన్నాయి. వాటినీ అదే రోజు మార్పించండి.