దుప్పి కొండలపై సైకిలు దారి

అక్టోబరు మాసపు తొలి దినములు. స్కాట్లండు ఉత్తర భాగమున హైలాండ్స్ అని పేరొందిన కొండసీమలో, మంచు ఇంకను విడని ఉదయమున, ఇద్దరు మనుష్యులు తడినేలపై పొట్టతో ప్రాకుచున్నారు. ముందున్నవాడు ఆ ఎస్టేటులో జీతమునకు కుదిరిన వేటకాడు. అతనిని అచ్చట ‘స్టాకర్’ అందురు. వెనుకనున్నవాడు సొమ్ము చెల్లించి వేటకు వచ్చిన అతిథి. గాలి తమ ముఖములకు ఎదురుగా వీచునట్లు చూచుకొనుచు, రెండు గంటలుగా వారు గజము గజముగా ముందునకు జరుగుచున్నారు. ఎదుటి వాలుపై ఒక ముసలి మగ దుప్పి పండుకొని యున్నది. మరి యాబది గజములు సాగిన చాలును. తుపాకి గురికి అందును.

అంతలో అవతలి కొండ దారి వెంట ఒక సైకిలు దిగివచ్చెను. త్రొక్కువాడు పడుచువాడు. శరత్కాలమున ఎర్రబారిన కొండలను చూచుచు, చల్లగాలికి పరవశించుచు వచ్చుచున్నాడు. దుప్పి తల యెత్తెను. మరుక్షణమున అదియు, దాని చుట్టునున్న మందయు శిఖరము దాటి మాయమయ్యెను. సైకిలుపై వచ్చినవాడు వేటకాండ్రను చూడలేదు. తన వలన ఒకరి దినము వ్యర్థమైనదని అతనికి తెలియనే తెలియదు.

ఇట్టి సంఘటన ఆ సీమలో ఏటేటా ఎచ్చటనో ఒకచోట జరుగునట్టిదే. ఇందు తప్పెవరిది? ఆ దారిలో పోవుటకు ప్రజలకు చట్టము హక్కు నిచ్చినది. వేటయు చట్టబద్ధమే, పైగా ఆ కొండలకు అది అవసరము. రెండు న్యాయములు ఒకే వాలుపై ఎదురుపడినప్పుడు ఏది నిలువవలెను, ఏది తొలగవలెను? స్కాట్లండు ప్రజలు ఈ ప్రశ్నతో నూటయాబది ఏండ్లకు పైగా పెనగులాడిరి. వారు చేరుకొన్న పరిష్కారము ఏ దేశపు విద్యార్థికైనను ఆలోచింపదగినది.

వేట యనగానే మనకు రథమెక్కి లేడిని తరుముకొనిపోయిన దుష్యంతుడు స్ఫురించును. ప్రబంధములలోని వేట వర్ణనలందు కుక్కలు, వలలు, కేకలు, కోలాహలము ఉండును. స్కాట్లండు దుప్పివేట అట్టిది కాదు. అది తరుము వేట కాదు, పొంచు వేట. ‘మృగయ’ అను మాటకు మూలమైన ధాతువునకు వెదకుట యని అర్థము. ఆ అర్థము ఈ వేటకు చక్కగా అతుకును. దుప్పి ముక్కు మిక్కిలి చురుకైనది. గాలి ఒక్కసారి దిక్కు మారి మనుష్యుని వాసన సోకినచో, గంటల శ్రమ క్షణములో నీరగును. కనుక వేటకాడు దుర్భిణితో కొండను పరిశీలించి, గాలిని అంచనా కట్టి, వాగుల పల్లములలో నడచుచు, బురదలో ప్రాకుచు దగ్గరకు చేరవలెను. కూలిన దుప్పిని కొండ దింపుటకు పూర్వము గుర్రములను వాడెడివారు. కొన్ని ఎస్టేటులలో నేటికిని ‘గారన్’ అను బలిసిన పొట్టి గుర్రములే ఆ పని చేయుచున్నవి.

ఈ వేట జరుగు భూములకు ‘డీర్ ఫారెస్ట్’ అని పేరు. పేరునకు అడవియే గాని అందు చెట్లు అరుదు. కంటికి కనుపించినంత దూరము గడ్డియు, ‘హెదర్’ అను ఊదాపూల పొదలును, నల్లని బురదనేలయు మాత్రమే. 18వ శతాబ్దపు చివరి నుండి 19వ శతాబ్దపు మధ్య వరకు అచ్చటి భూస్వాములు కౌలు రైతులను పెద్దయెత్తున వెళ్లగొట్టి, వారి పొలములలో గొర్రెలను మేపిరి. ఉన్ని ధర పడిపోయిన పిమ్మట గొర్రెల స్థానమును దుప్పులు ఆక్రమించెను. 1852లో విక్టోరియా రాణి భర్తయైన ఆల్బర్ట్ బాల్మోరల్ ఎస్టేటును కొనిన తరువాత దుప్పివేట సంపన్నులకు గొప్ప వేడుకయయ్యెను. వేలకొలది యెకరముల కొండలు కొద్దిమంది చేతులలో చిక్కెను. దుప్పులు బెదరునను నెపముతో సామాన్యుడు కొండ యెక్కరాదను ఆంక్షలును పుట్టెను.

ఆ ఆంక్షను మొట్టమొదట ఎదిరించినవారిలో ఒక ఉపాధ్యాయుడును, ఆయన విద్యార్థులును ఉండిరి. 1847లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము బోధించు జాన్ హట్టన్ బాల్ఫర్ తన శిష్యులను వెంటబెట్టుకొని, మొక్కలను పరిశీలించుచు గ్లెన్ టిల్ట్ అను లోయ వెంట వచ్చుచుండెను. అది ఆతోల్ ప్రభువు వేటభూమి. ప్రభువు తన మనుష్యులతో దారి కడ్డముగా నిలిచెను. ఇది తరతరములుగా ప్రజలు నడచిన బాటయని ఆచార్యుడు, ఇది నా భూమియని ప్రభువు వాదించిరి. తుదకు ఆచార్యుని బృందము గోడ దూకి సాగిపోయినదని చెప్పుదురు. ఆ కలహము న్యాయస్థానమున కెక్కెను. తుదకు ఆ బాట ప్రజలదే యని తేలెను. ‘గ్లెన్ టిల్ట్ యుద్ధము’ అని చరిత్రలో నిలిచిన ఆ ఘట్టములో రక్తము చిందలేదు. చేత మొక్కల పెట్టెలు పట్టుకొన్న విద్యార్థులే ఆ యుద్ధమున సైనికులు!

కాని ఒక్క బాట గెలిచినంత మాత్రమున కొండలన్నియు తెరచుకొనలేదు. 1884లో జేమ్స్ బ్రైస్ అను పార్లమెంటు సభ్యుడు స్కాట్లండు పర్వతములపై ప్రజలు స్వేచ్ఛగా తిరుగుటకు ఒక బిల్లును ప్రతిపాదించెను, అది నెగ్గలేదు. ఆ దినములలోనే వైనన్స్ అను అమెరికా కోటీశ్వరుడు కిన్‌టెయిల్ ప్రాంతమున విశాలమైన వేటభూములను కౌలుకు తీసికొనెను. మర్డాక్ మెక్రే అను ఒక చెప్పులు కుట్టువాని పెంపుడు గొర్రెపిల్ల ఆ భూమిలో నాలుగు గడ్డిపరకలు మేసినదని ఆయన వ్యాజ్యము వేసెను! 1885లో న్యాయమూర్తులు ఆ వ్యాజ్యమును త్రోసివేసిరి. గొర్రెపిల్ల గెలిచెను, కోటీశ్వరుడు నవ్వులపాలయ్యెను.

బ్రైస్ కోరినది చట్టమగుటకు మరి 119 ఏండ్లు పట్టెను. 2003లో స్కాట్లండు పార్లమెంటు భూసంస్కరణ చట్టమును చేసెను. 2005 ఫిబ్రవరి నుండి అందలి ప్రవేశ హక్కులు అమలులోనికి వచ్చెను. నడచువారే గాక, సైకిలుపై పోవువారును, గుర్రముపై పోవువారును, పడవ నడుపువారును దేశములోని భూములపై, జలములపై చాలవరకు స్వేచ్ఛగా సంచరింపవచ్చును. ఇండ్ల పెరడులు, పైరున్న చేలు మొదలగు కొన్నిచోట్లు మాత్రమే మినహాయింపు. పొరుగున ఉన్న ఇంగ్లండులో సైకిలువానికి ఇంతటి హక్కు లేదు. అయితే స్కాట్లండు చట్టము హక్కుతోపాటు ఒక చిన్న మాటను ముడివేసెను: బాధ్యతతో. బాధ్యత మరచినవానికి హక్కును వర్తింపదు.

ఇక సైకిలు సంగతి. రాళ్లపై, వాగులలో నడపదగిన మౌంటెన్ బైకు 1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో రూపొందెను. బలమైన చట్రము, వెడల్పు టైర్లు, పట్టుగల బ్రేకులు గల ఆ వాహనమునకు స్కాట్లండు పుట్టినిల్లువలె అమరెను. ఇందొక చమత్కారము కలదు. నేడు సైకిలువారు మెచ్చుకొను కొండదారులలో పెక్కు, విక్టోరియా కాలమున భూస్వాములు వేట కొరకు వేయించినవి. వేటకాండ్రు పోవుటకు, గుర్రములు దుప్పులను మోసికొని దిగుటకు, వాలు చూచి, రాళ్లు పరచి, నీరు పోవుటకు కాలువలు తీసి వేయించిన బాటలవి. టోరిడన్, ఆక్నషెలాక్ ప్రాంతములలో సైకిలువారు పొగడు దారులు ఇట్టివే. సామాన్యుని రాకుండ చేయగోరిన వేటయే సామాన్యునికి దారి వేసిపెట్టినది.

వేట కొద్దిమంది వినోదమే యైనచో, ప్రజల హక్కు ముందు అది తొలగవలెననుట తేలిక. కాని అది అంతటితో పోదు. స్కాట్లండులో తోడేళ్లు అంతరించి సుమారు మూడు శతాబ్దములు గడచినవి. దుప్పిని తిను జంతువు మరి లేదు. అన్ని జాతులును కలిపి దుప్పుల సంఖ్య ఇప్పుడు 10 లక్షలకు చేరువయని ప్రభుత్వపు అంచనా. అవి లేత మొక్కను తలయెత్తనీయవు. దేవదారువంటి స్కాట్స్ పైన్, బర్చి, రోవన్ చెట్ల విత్తనములు మొలకెత్తినను, చలికాలము వచ్చునప్పటికి వాటి చిగుళ్లు దుప్పుల నోట పడును. మంద మితిమీరిన కొండపై దుప్పులును ఆకలితో, చలితో చచ్చును. తోడేలు చేయు పనిని నేడు మనుష్యుడు చేయక తప్పదు. చెట్లు తిరిగి పెరుగవలెనని కోరువారే ఎక్కువ దుప్పులను కొట్టవలెనని వాదించుచున్నారు. పూర్వము జులై 1 నుండి అక్టోబరు 20 వరకు మాత్రమే మగ దుప్పులను కొట్టనిచ్చెడివారు. 2023లో ఆ నిషేధకాలమును ఎత్తివేసిరి. ఆడ దుప్పుల వేట అక్టోబరు 21 నుండి ఫిబ్రవరి 15 వరకు సాగును.

నిషేధము తొలగినను, మగ దుప్పులను పొంచి వేటాడు అలవాటు ఎక్కువగా ఆగస్టు నడిమి నుండి అక్టోబరు 20 వరకే సాగుచున్నది. ఆ కొలది వారములలో ఆదివారములు సాధారణముగా విడుపు. మంచు క్రమ్మిన దినము, గాలి ఎదురు తిరిగిన దినము వృథా. మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. అతిథి చెల్లించు సొమ్ముపై ఎస్టేటు ఆదాయము, ఆ ఆదాయముపై స్టాకరు జీతము, అతని బిడ్డలు చదువు పల్లెబడి నిలుకడ ఆధారపడియున్నవి. ఒక దినము చెడుట యనగా ఆ కుటుంబములకు అది చిన్న సంగతి కాదు.

కాలినడకన పోవువానికంటె సైకిలువానికి ఈ విషయమున మరింత జాగరూకత కావలెను. నడచువాడు మెల్లగా వచ్చును. దుప్పి అతనిని దూరమునుండియే పసిగట్టి మెల్లగా తొలగును. సైకిలు మలుపు తిరిగి హఠాత్తుగా ప్రత్యక్షమగును. నడచువాడు దినమునకు ఒక లోయ చూచిన, సైకిలువాడు మూడు లోయలు దాటును. అయినను సైకిలులో ఒక మేలును కలదు: అది సాధారణముగా దారి విడిచి పోదు. దారి పట్టుకొని పోవువాని జాడ దుప్పులకును, వేటకాండ్రకును ముందే తెలిసియుండును. దారి తప్పి, ‘కోరీ’ అని పిలువబడు గిన్నెవంటి పల్లములలో దిగినప్పుడే చిక్కంతయు. దుప్పులు గాలి తగులకుండ విశ్రమించునది ఆ పల్లములలోనే.

ఇందుకై పార్లమెంటు ఆమోదించిన ప్రవేశ నియమావళి ఉభయులకును ధర్మమును చెప్పినది. కొండకు పోవువాడు ఆ దినమున వేట ఎచ్చట జరుగునో ముందుగా తెలిసికొనవలెను. దారులను, శిఖరముల వెంటనుండు గట్లను, పెద్ద వాగుల గట్లను అనుసరింపవలెను. స్టాకరు సబబైన సలహా చెప్పినచో పాటింపవలెను. ఎస్టేటువారికి విధి అంతకంటె తక్కువ కాదు. ‘వేట జరుగుచున్నది, రావలదు’ అని నెలల తరబడి ఒకే పలక వ్రేలాడదీసి ఊరకుండరాదు. ఏ దినమున, ఏ వాలుపై, ఏ వేళ వరకు అని చెప్పి, పోదగిన మరియొక దారిని చూపవలెను. పూర్వము టెలిఫోనులో వినిపించెడి ఈ సమాచారమును 2015 నుండి ఇంటర్‌నెట్టు ద్వారా తెలుపు ఏర్పాటు చేసిరి. చట్టము రాకముందే, 1993లో, లెటరూ ఎస్టేటు యజమానియైన పాల్ వాన్ వ్లిసింగెన్ అను డచ్చి వర్తకుడు పర్వతారోహక సంఘములతో కూర్చుండి ఇట్టి ఒడంబడిక చేసికొనెను. పోట్లాటకంటె మాటలు లాభమని చూపినది ఆ ఒడంబడికయే.

పలక చూచి వెనుదిరుగుట ఓటమి యని కొందరు పడుచువారు తలతురు. ‘చట్టము నాకు హక్కు నిచ్చినది, ఎవరడ్డగింతురు?’ అందురు. అటులనే, సైకిలు కనుపించగానే కన్నెర్రచేయు ఎస్టేటు ఉద్యోగులును కలరు. ఆతోల్ ప్రభువు నీడ ఇంకను పూర్తిగా తొలగలేదు. కాని హక్కు చట్టపు పుటలలో ఉండుట వేరు, కొండపై బ్రతికియుండుట వేరు. అది బ్రతుకునది పదిమంది దానిని మితముగా వాడుకొన్నప్పుడు. చచ్చునది దానిని ఆయుధముగా త్రిప్పినప్పుడు.

నేడు గ్లెన్ టిల్ట్ లోయ సైకిలువారికి ప్రియమైన మార్గము. బ్లేర్ ఆతోల్ నుండి బ్రేమార్ వరకు సుమారు 30 మైళ్లు సాగు ఆ దారిలో టార్ఫ్ అను వాగుపై ఒక వంతెన కలదు. 1879లో ఆ వాగు దాటబోయి మునిగి మరణించిన 18 ఏండ్ల యువకుని స్మారకముగా, ప్రజల దారులను కాపాడు సంఘము 1886లో దానిని కట్టించినది. బాటకై ప్రభువుతో తలపడిన ఆచార్యుడు, వాగులో ప్రాణము విడిచిన యువకుడు, వంతెన కట్టించిన సంఘము — ఇందరి చలువ వలన నేటి పడుచువాడు ఆ లోయలో సైకిలు త్రొక్కుచున్నాడు.

అతడు బయలుదేరుటకు ముందు ఒక్క నిమిషము ఆగి, నేడు వేట ఏ వాలుపై నున్నదని విచారించినచో చాలును. ఆ నిమిషములో ఒక స్టాకరు దినము నిలుచును. రానున్న కాలమున ఆ బోడికొండపై ఒక లేత చెట్టు తల యెత్తవచ్చును.