నడిసముద్రంలో నలుగురు ఫ్రెండ్స్, ఒక పడవ: 20 రోజులు ఎలా గడుస్తాయి?

గోవా ట్రిప్ వాట్సాప్ గ్రూపులో పుట్టి, ఆ గ్రూపులోనే చచ్చిపోవడం మనందరికీ తెలిసిందే కదా. కానీ కొంతమంది ఫ్రెండ్స్ చిన్న తెరచాప పడవలో, అంటే యాట్‌లో, ఏకంగా అట్లాంటిక్ దాటేస్తారు. మధ్యలో బోర్ కొట్టినా, గొడవైనా దిగిపోదామంటే స్టేషన్ రాదు. మరి లోపల ఎలా ఉంటారు? ఈరోజు అదే చూద్దాం.

ముందు రూట్. ఆఫ్రికా పక్కన స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవులున్నాయి. అక్కణ్ణించి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 5,000 కిలోమీటర్లు. 1986లో మొదలైన 'ఏఆర్‌సీ' అనే ర్యాలీ వెళ్లేది ఈ దారిలోనే. 1492లో కొలంబస్ కూడా కెనరీ నుంచే బయల్దేరాడు. ఎందుకంటే, స్కూల్లో చదువుకున్నామే వ్యాపార పవనాలు, అవి ఈశాన్యం నుంచి వీస్తూ పడవని వెనక నుంచి నెడతాయి. తుఫాన్ల సీజన్ అయిపోయేది నవంబర్ చివర్లో కాబట్టి ఎక్కువమంది అప్పుడే బయల్దేరతారు. స్పీడ్ ఎంతో తెలుసా? గంటకి 10 కిలోమీటర్లు! సైకిల్ తొక్కినంత. కాకపోతే రాత్రీ పగలూ ఆగదు కాబట్టి సుమారు 20 రోజుల్లో చేరతారు.

"రాత్రి లంగరేసి పడుకోవచ్చుగా?" అంటారేమో. కింద కిలోమీటర్ల లోతు అండీ, లంగరు అందదు. అందుకే డ్యూటీలు. నలుగురుంటే ఒక్కొక్కరికి 3 గంటల డ్యూటీ, తర్వాత 9 గంటల రెస్ట్. చుక్కానిని ఆటోపైలట్ చూసుకుంటుంది. మనిషి మాత్రం పది పదిహేను నిమిషాలకోసారి చుట్టూ చూడాలి, గాలి మారితే తెరచాప సర్దాలి. ఎందుకంటే దూరంగా చిన్న లైటులా కనిపించిన పెద్ద ఓడ, దాదాపు 20 నిమిషాల్లో మన మీదకే వచ్చేయొచ్చు.

అసలు భయం తుఫాను కాదు, పడిపోవడం. లెక్క చూడండి: 6 నాట్ల స్పీడ్‌లో పడవ నిమిషానికి 185 మీటర్లు ముందుకెళ్తుంది. చీకట్లో, అలల మధ్య తల ఎక్కడ కనిపిస్తుంది? అందుకే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఛాతీకి బెల్టు కట్టుకుని, దాని తాడుని పడవకి తగిలించుకుంటారు. ఇంకొకరిని లేపకుండా ఒంటరిగా డెక్ ముందుకి వెళ్లకూడదు. జాలిపడి లేపకపోవడం ఇక్కడ మంచితనం కాదు.

ఇప్పుడు తిండి. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి కడుపులో తిప్పుతుంది, ఏదీ సయించదు. తర్వాత ఆకలి మొదలవుతుంది. పడవ ఊగినా స్టవ్ నిటారుగా ఉండేలా ఉయ్యాలలా వేలాడదీస్తారు. అక్కడా మన ప్రెషర్ కుక్కరే హీరో, మూత లాక్ అవుతుంది కదా, ఒరిగినా అన్నం ఒలికిపోదు. అరటి గెల కడితే మాత్రం అన్నీ ఒకేసారి పండుతాయి, ఇక మూడు పూటలా అరటిపళ్లే! గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, స్నానం కూడా ఉప్పునీళ్లతోనే చేసి, చివర్లో ఒక మగ్గు మంచినీళ్లు పోసుకుంటారు. పడుకుంటే దొర్లి పడకుండా మంచం పక్కన గుడ్డ అడ్డం కడతారు.

ఇక గొడవలు. పెద్ద విషయాలకి రావు. కడగని కప్పు, ఖాళీ చేసిన బిస్కెట్ ప్యాకెట్, వీటికే వస్తాయి. అన్నిటికంటే పెద్ద తప్పు, డ్యూటీకి పది నిమిషాలు లేటుగా లేవడం. అది అవతలివాడి నిద్ర దొంగిలించడమే. కోపమొస్తే బ్లాక్ చేయడానికి లేదు, కాసేపటికి వాడి చేతిలోనే మీ ప్రాణం పెట్టి నిద్రపోవాలి. అందుకే అనుభవమున్నవాళ్లు రోజుకి ఒక పూటైనా అందరూ కలిసి తింటారు. ఉన్నమాట ఆ రోజే చెప్పేసుకుంటారు. ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం వాదనల్లేవు, కెప్టెన్ మాటే ఫైనల్.

ఇదంతా ఫారిన్ వాళ్ల కథ అనుకోకండి. 2017 సెప్టెంబర్ 10న మన నేవీకి చెందిన ఆరుగురు మహిళా ఆఫీసర్లు 'తారిణి' అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. కెప్టెన్ వర్తికా జోషి. ఆ టీమ్‌లో వైజాగ్ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. న్యూజిలాండ్ నుంచి కేప్ హార్న్ చుట్టి ఫాక్‌లాండ్ దీవులు చేరేదాకా 41 రోజులు నేల తొక్కలేదు వాళ్లు. పడవ పొడవు దాదాపు 17 మీటర్లే!

సో ఫ్రెండ్స్, మీ గ్యాంగ్‌లో మీరు నిద్రపోతుంటే ప్రాణం అప్పజెప్పగలిగేది ఎవరికి? వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. పొద్దున అలారం పది సార్లు స్నూజ్ కొట్టేవాడికి కూడా పంపండి, వాడికే ఎక్కువ అవసరం.