డబ్బా అరుస్తుంది... లాభం ఎవరికి?

అనకాపల్లి జిల్లా కొండకర్ల ఆవకి ఎప్పుడైనా వెళ్ళారా? తాటి దోనెలో షికారు, చలికాలమైతే వలస పక్షులు, ఒడ్డుకొచ్చాక వేడివేడి టీ. డబ్బులంటారా, చేతిలో ఫోనుందిగా! ‘పది రూపాయలు అందాయి’ అని కొట్లో డబ్బా గట్టిగా అరుస్తుంది.

‘‘ఊరికే అరుస్తాదేటమ్మా? దానికీ అద్దుంది. జనం రాకపోయినా నెలయ్యేసరికి కోసేసుకుంటారు’’ అంది టీకొట్టావిడ.

అసలు కిటుకంతా ఆ మాటలోనే ఉంది. యూపీఐ 2016లో వచ్చింది. మన బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కొట్టువాళ్ళ ఖాతాకి వెళ్ళే డబ్బు మీద వాళ్ళ దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి 1 నుంచి నిబంధన. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఇంతా చేసి ఆ రుసుము మాత్రం సున్నా! చిన్న వర్తకులకు అందే 2,000 రూపాయల లోపు చెల్లింపుల మీద కేంద్రం 0.15 శాతం ప్రోత్సాహకం ఇస్తామంది. 2024-25కి దానికి అనుకున్నది సుమారు 1,500 కోట్లు. దాన్నే బ్యాంకులూ, యాప్‌లూ పంచుకోవాలి.

మరి కంపెనీలు ఎలా బతుకుతాయంటారా? డబ్బా అద్దె, రీఛార్జి మీద రూపాయో రెండో, ప్రకటనలు. అన్నిటికన్నా గట్టిది అప్పులిప్పించడం. రోజువారీ అమ్మకాలు కళ్ళముందే ఉంటాయి కనుక ఎవరు తీర్చగలరో వాళ్ళకి తెలుసు. అప్పిచ్చే సంస్థ కమీషనిస్తుంది.

క్రెడిట్ కార్డు పద్ధతి వేరు. వందకి సుమారు రెండు రూపాయలు కొట్టువాళ్ళ నుంచే పోతుంది, అందులో ఎక్కువ భాగం కార్డిచ్చిన బ్యాంకుకి. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసాలోనైతే డబ్బు పంపేవాళ్ళే రుసుము కడతారు. నగదు ఇచ్చి పుచ్చుకునే వీధి కొట్టుకి కమీషన్ ముడుతుంది. కొట్టుకి కూడా ఆదాయమన్నమాట!

ఇప్పుడో చిన్న లెక్క. డబ్బా అద్దె కంపెనీని బట్టి మారుతుంది, నెలకి వంద అనుకుందాం. ఫోన్ల మీద 50,000 వచ్చే పట్నం కిరాణాకి అది 0.2 శాతం. మరి 5,000 వచ్చే టీకొట్టుకో? రెండు శాతం! క్రెడిట్ కార్డుకి పోయేదంత. టీకి మూడు రూపాయలు మిగిలితే 34 టీలు అద్దెకే సరి. ఉచితం అన్న సరుకు చిన్న కొట్టుకే ఖరీదైంది చూశారా?

చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు ముందుగా కాగితం క్యూఆర్ అంటించుకుంటే చాలు, దానికి అద్దె ఉండదు. డబ్బు పడితే సొంత ఫోన్లోనే వినిపించే యాప్‌లున్నాయి. డబ్బా తీసుకునేట్టయితే అద్దెంత, అక్కర్లేనప్పుడు తిరిగిచ్చేదెలా అని అడిగి మరీ సంతకం పెట్టండి.

ఇదే చెబితే ఆవిడ నవ్వేసింది. ‘‘ఆదివారం ఒకడు డబ్బులేసినట్టు ఉత్త బొమ్మ చూపించి పోయాడమ్మా. టీ పోస్తా ఫోనెక్కడ చూసుకోను? అందుకే ఉంచాను.’’